కంప్యూటరులోని లస్కరు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన వారికి లస్కరు అన్న మాటను వివరింపనక్కరలేదు. ప్రకాశం బ్యారేజి నుండి బయలుదేరి విజయవాడ నగరం గుండా సాగిపోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువల మీదనూ, వాటి నుండి చీలే పంట కాలువల మీదనూ తూములను, షట్టర్లను కనిపెట్టుకొని ఉండే చిరుద్యోగి లస్కరు. తెల్లవారి రైతు పొలానికి వచ్చేసరికి బోదెలో నీరు పారుతున్నదంటే, అంతకు ముందే ఎవరో మేల్కొని షట్టరు ఎత్తినారన్న మాట. రైతు వచ్చి పిలిచిన తరువాతనే లస్కరు లేచేటట్లయితే శివారు భూములు ఎండిపోక తప్పదు. లస్కరుకు ప్రతి రైతు పేరూ తెలియనక్కరలేదు. ఏ తూము ఎప్పుడు, ఎంత ఎత్తవలెనో తెలిస్తే చాలును.

కంప్యూటరులోనూ ఇట్టి లస్కర్లు ఉన్నారు. మనం యంత్రం ఎదుట కూర్చుండి, పేరూ సంకేతపదమూ ఇచ్చి లోనికి ప్రవేశించక పూర్వమే పని మొదలుపెట్టి, మనం లేచి వెళ్లిపోయిన తరువాత కూడా పని సాగించే ప్రోగ్రాములు అవి. వీటికి ‘నేపథ్య సేవలు’ అని పేరు. నాటకంలో తెర వెనుక పనిచేసేవారి వలె ఇవి మన కంటికి కనబడవు. కనబడనందువల్లనే మనం వీటిని మరచిపోతాము. మరచిపోయినందువల్ల కలిగిన నష్టం ఒకటి నేను స్వయంగా చూచియున్నాను. దానితోనే ఈ వ్యాసాన్ని ఆరంభిస్తాను.

ఒక అనుభవం

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక విద్యాసంస్థ కార్యాలయంలో కంప్యూటరు పనులు చూచే బాధ్యత నాపై ఉండేది. విద్యార్థుల ఉపకార వేతనపు దరఖాస్తుల వివరాలన్నీ ఒక యంత్రంలో నమోదు చేసేవారు. ప్రతి రాత్రి ఆ వివరాలకు వేరొక డిస్కు మీద నకలు తీసే చిన్న ప్రోగ్రామును నేను ఏర్పాటు చేసినాను. గుమాస్తాగారు ఉదయం లాగిన్ కాగానే అది దానంతట అది మొదలయ్యేటట్లు, ఆయన పేరు మీది ‘స్టార్టప్’ జాబితాలో చేర్చినాను. సాయంత్రం ఆయన తెరకు తాళం వేసి వెళ్లేవారే గాని లాగౌట్ అయ్యేవారు కాదు. కనుక రాత్రి నకలు సక్రమంగా నడిచేది. నెలల తరబడి ఏ లోపమూ కనిపించలేదు. నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒక శనివారం రాత్రి గాలివానకు విద్యుత్తు పోయినది. యు.పి.ఎస్. బ్యాటరీ కొంతసేపటికి అడుగంటి యంత్రం ఆగిపోయినది. అర్ధరాత్రి దాటిన పిమ్మట విద్యుత్తు తిరిగి రాగానే యంత్రం తనంతట తానే ప్రారంభమై, లాగిన్ తెర చూపుతూ నిలిచినది. సోమవారం నుండి గుమాస్తాగారు పెండ్లి నిమిత్తం సెలవులో ఉన్నారు. ఆయన స్థానంలో వచ్చిన మరొకరు తమ పేరుతో లాగిన్ అయి వారమంతా శ్రద్ధగా దరఖాస్తులు ఎక్కించినారు. యంత్రం పనిచేస్తూనే ఉన్నది గనుక ఎవరికీ అనుమానం రాలేదు. కాని నకలు తీసే ప్రోగ్రాము గుమాస్తాగారి పేరుకు కట్టుబడి, ఆయన రాకకై వేచి ఉన్నది. శుక్రవారంనాడు డిస్కు చెడిపోయినది. నకలు వెతికితే వెనుకటి వారానిది తప్ప మరొకటి లేదు.

ఆ వారం దరఖాస్తులు ఇచ్చిన విద్యార్థులందరినీ మరల పిలిపించవలసి వచ్చినది. వారు ఆదాయ ధ్రువపత్రాలతో మరల వరుసలో నిలబడినారు. గడువు దగ్గరపడుతున్నది. పల్లె నుండి తొలి బస్సుకు వచ్చిన ఒక విద్యార్థిని, “మొన్ననే ఇచ్చాను కదండీ” అన్నది. ఆమెకు చెప్పదగిన సమాధానం నా వద్ద లేకపోయినది. తప్పు గాలివానది కాదు, గుమాస్తాగారిది అంతకన్నా కాదు. పదిమందికీ చెందిన పనిని ఒక మనిషి రాకకు ముడిపెట్టిన నాదే ఆ తప్పు.

యంత్రం మేల్కొనే వరుస

ఈ తప్పును అర్థం చేసుకొనవలెనంటే, మీట నొక్కినప్పటి నుండి లాగిన్ తెర వచ్చేవరకు యంత్రంలో ఏమి జరుగునో తెలియవలెను. మొదట తల్లిబోర్డు మీది చిప్పులో శాశ్వతంగా నిక్షిప్తమైన ప్రోగ్రాము మేల్కొని, జ్ఞాపకశక్తిని, డిస్కును, కీబోర్డును పరీక్షిస్తుంది. తరువాత అది డిస్కు నుండి ఆపరేటింగు సిస్టము యొక్క మూలభాగాన్ని తెచ్చి నిలబెడుతుంది. దీనిని ‘కెర్నెల్’ అంటారు. ఆ మూలభాగం హార్డువేరును తన అధీనంలోనికి తీసుకొని, మొట్టమొదటి ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. లినక్సులో ఈ మొదటి ప్రోగ్రాముకు సంఖ్య 1. నేడు చాల పంపిణీలలో ‘సిస్టమ్‌డీ’ అనునది ఈ స్థానంలో ఉన్నది. విండోసులో కొన్ని మెట్లు దాటిన పిమ్మట ‘సర్వీస్ కంట్రోల్ మేనేజర్’ అనే అధికారి రంగంలోనికి వస్తుంది. మిగిలిన సేవలను పిలిచి పనిలో పెట్టడం దీని విధి.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. “నీవెవరు?” అని మనలను అడిగే లాగిన్ తెర కూడ ఒక ప్రోగ్రామే. మనం లోనికి రాకముందే అది నడుస్తున్నది గదా! కనుక ఎవరూ లాగిన్ కాకుండా ప్రోగ్రాములు నడవడం విపరీతమైన సంగతి కాదు. యంత్రపు స్వభావమే అది. లాగిన్ అనునది యంత్రం ప్రారంభం కాదు. అప్పటికే నడుస్తున్న కార్యాలయంలోనికి ఒక ఉద్యోగి అడుగుపెట్టడం వంటిది. ఆ ఉద్యోగి బల్ల మీద ఉంచిన పని ఆయన వస్తేనే మొదలవుతుంది. కార్యాలయపు పని మాత్రం ఆయన వచ్చినా రాకున్నా సాగవలెను. నేను కార్యాలయపు పనిని ఒక ఉద్యోగి బల్ల మీద ఉంచినాను.

దయ్యం పేరు, సేవకుని పని

ఈ ప్రోగ్రాములకు యూనిక్సు సంప్రదాయంలో ‘డీమన్’ అని పేరు. ఈ పేరు 1963 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, ‘ప్రాజెక్ట్ మాక్’ అనే పరిశోధన ప్రణాళికలో పుట్టినది. ఒకే యంత్రాన్ని అనేకులు ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని ఫెర్నాండో కోర్బాటో బృందం అక్కడ రూపొందించినది. తెర వెనుక అలసట లేకుండా ఇంటిపనులు చక్కబెట్టే ప్రోగ్రాములకు వారు భౌతిక శాస్త్రం నుండి పేరు తెచ్చినారు. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1867లో ఒక ఊహాజీవిని కల్పించినాడు. రెండు గదుల మధ్య చిన్న తలుపు వద్ద నిలిచి, వేగంగా కదిలే అణువులను ఒక వైపునకు, మెల్లగా కదిలేవానిని మరొక వైపునకు వేరుచేసే జీవి అది. ‘మాక్స్‌వెల్ దయ్యం’ అని దానికి పేరు వచ్చినది. తలుపు వద్ద నిలబడి, విసుగు లేకుండా, ఎవరూ చెప్పకుండానే పనిచేయడం ఆ పోలిక. మన డెల్టావాసులు ఆ పేరు పెట్టియుంటే బహుశః లస్కరు అనే పెట్టియుందురు!

విండోస్ ఎన్.టి. 1993లో వెలువడినప్పుడు అందులో ఇవే ప్రోగ్రాములు ‘సర్వీసులు’ అన్న పేరుతో వచ్చినవి. పేర్లు వేరైనా తత్త్వం ఒక్కటే.

మన నగరంలో ఒక ఉదాహరణ

ఇట్టి సేవల అవసరం ఎక్కడిది అని అడిగే వారికి మన విజయవాడలోనే సమాధానం ఉన్నది. 1990ల చివరి సంవత్సరాలలో విజయవాడ నగరపాలక సంస్థ ‘వాయిస్’ అనే పథకాన్ని ఆరంభించినది. జనన మరణ ధ్రువపత్రాలు, గృహనిర్మాణపు అనుమతులు, ఆస్తిపన్ను, నీటిపన్ను చెల్లింపులు మొదలైనవి పౌరులకు చేరువలో ఉండే ఐదు కేంద్రాల ద్వారా అందించి, ఆ కేంద్రాలను నగరపాలక కార్యాలయంలోని కంప్యూటర్లతో నెట్‌వర్కు ద్వారా కలిపినారు. దేశంలో పురపాలక సేవలను కంప్యూటరు ద్వారా అందించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి.

ఇట్టి ఏర్పాటును ఊహించి చూడండి. పన్ను కట్టే పౌరుడు ఒక కేంద్రంలో ఉన్నాడు. ఆయన లెక్క ఉన్న యంత్రం మరొకచోట, బహుశః తాళం వేసిన గదిలో ఉంటుంది. ఆ యంత్రం ఎదుట ఎవరూ కూర్చుండరు. అందులోని సమాచారనిధిని నడిపే ప్రోగ్రాము ఎవరో వచ్చి లాగిన్ అయ్యేవరకు నిద్రపోతే, ఐదు కేంద్రాలలోని ప్రజలు వాకిట నిలబడవలసినదే. నేడు బ్యాంకు, రైల్వే రిజర్వేషను, 2011లో మన రాష్ట్రంలో మొదలైన మీసేవ, పరీక్షా ఫలితాలు, అన్నింటి వెనుకా ఇట్టి సేవలే ఉన్నవి.

ఏర్పాటు చేయు విధానం

విండోసులో మూడు మార్గాలున్నవి. వాని తారతమ్యం తెలియకనే నేను పొరబడినాను. మొదటిది స్టార్టప్ ఫోల్డరు. అందులోని ప్రోగ్రాము ఎవరైనా లాగిన్ అయిన తరువాతనే మొదలవుతుంది. ఒకరి పేరు మీద ఉంచితే ఆ ఒక్కరు వచ్చినప్పుడే మొదలవుతుంది. రెండవది ‘టాస్క్ షెడ్యూలర్’. ఇందులో పని ఎప్పుడు మొదలుకావలెనో చెప్పేచోట ‘కంప్యూటరు ప్రారంభమైనప్పుడు’ అనిగాని, ఫలానా గంటకు అనిగాని ఎన్నుకొని, ‘వినియోగదారుడు లాగిన్ అయినా కాకున్నా నడుపుము’ అన్న గుర్తు పెట్టవలెను. నకలు తీయడం వంటి చిన్న పనులకు ఈ మార్గం చాలును. మూడవది అసలైన సర్వీసు. ‘స్వయంచాలకం’ అని నిర్ణయిస్తే యంత్రం ప్రారంభం కాగానే మొదలవుతుంది. కాని ప్రతి ప్రోగ్రామూ సర్వీసు కాజాలదు. సర్వీస్ కంట్రోల్ మేనేజర్ పిలిచినప్పుడు “హాజరు” అని పలికేటట్లు దానిని వ్రాసియుండవలెను. సాధారణంగా 30 సెకండ్లలో ఆ పలుకు రాకుంటే, ప్రారంభం విఫలమైనదని మేనేజర్ నిర్ణయిస్తుంది.

లినక్సులో 2010లో మొదలైన సిస్టమ్‌డీ పద్ధతి డెబియన్ వంటి పంపిణీలలో 2015 నుండి స్థిరపడినది. ప్రతి సేవకు ఒక చిన్న పాఠ్యపు ఫైలు వ్రాయవలెను. ఏ ప్రోగ్రామును నడపవలెను, ఎవరి పేరుతో నడపవలెను, దేని తరువాత మొదలుపెట్టవలెను, మధ్యలో పడిపోతే మరల లేపవలెనా అన్న నాలుగు సంగతులు అందులో ముఖ్యమైనవి. ఇక్కడ కొత్తవారు తరచు చేసే పొరపాటు ఒకటున్నది. ‘స్టార్ట్’ అన్న ఆజ్ఞ సేవను ఇప్పుడు మాత్రమే మొదలుపెడుతుంది. యంత్రం మరల ప్రారంభమైనప్పుడల్లా మొదలుకావలెనంటే ‘ఎనేబుల్’ అన్న ఆజ్ఞ కూడ ఇవ్వవలెను. మొదటిది నేటి హాజరు, రెండవది ఉద్యోగ నియామకం.

తెర లేని చోట పని

మన ఎదుట చక్కగా నడిచే ప్రోగ్రాము సేవగా మారగానే మొరాయించడం కద్దు. దానికి కారణాలు నాలుగు.

మొదటిది, దానికి తెర ఉండదు. 2007లో జనబాహుళ్యంలోనికి వచ్చిన విండోస్ విస్టా నుండి సేవలను వినియోగదారుల తెర నుండి పూర్తిగా వేరుచేసినారు. “ఈ ఫైలును మార్చవచ్చునా?” అని ప్రోగ్రాము అడిగితే, ఆ ప్రశ్న ఎవరికీ కనబడదు. కనబడని ప్రశ్నకు సమాధానం రాదు. ప్రోగ్రాము అట్లే నిలబడిపోతుంది. కనుక సేవగా నడిచేది ఎవరినీ ఏమీ అడుగరాదు.

రెండవది, మనం లాగిన్ అయినప్పుడు మన పేరుతో ఏర్పడే సదుపాయాలు దానికి ఉండవు. మనం ‘జెడ్’ అక్షరంతో పిలిచే నెట్‌వర్కు డిస్కు దానికి తెలియకపోవచ్చును. కనుక ఫైలు ఉన్నచోటును అడ్డదారిన గాక పూర్తి చిరునామాతో చెప్పవలెను.

మూడవది, తొందర. నెట్‌వర్కు సిద్ధం కాకముందే సేవ మేల్కొని, అవతలి యంత్రం కనబడలేదని విరమించుకొనవచ్చును. కాలువకు నీరు రాకముందే తూము ఎత్తితే ప్రయోజనమేమి? దేని తరువాత ఏది అన్న వరుసను నిర్ణయించవలెను.

నాలుగవది, విద్యుత్తు. పోయిన విద్యుత్తు తిరిగి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను ప్రారంభం కావలెనా అన్న ఏర్పాటు దాని మూలపు అమరికలలో ఉంటుంది. అది లేనిచో తక్కిన ఏర్పాట్లన్నీ వ్యర్థం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు విద్యుత్తు లేక ప్రజలు పడిన అవస్థ మనకు తెలిసినదే. గాలివానలకు, వరదలకు అలవాటుపడిన ఈ డెల్టాలో విద్యుత్తు పోవడాన్ని అరుదైన సంఘటనగా భావించి ఏ ఏర్పాటునూ చేయరాదు.

అధికారపు హద్దు

లస్కరుకు తూము తాళం ఇస్తాము గాని, బ్యారేజి తాళాలన్నీ ఇవ్వము. సేవల విషయంలో ఈ వివేకాన్ని తరచు మరచిపోతాము. “పని జరిగితే చాలు” అన్న తొందరలో, విండోసులోని ‘లోకల్ సిస్టమ్’ లేక లినక్సులోని ‘రూట్’ వంటి సర్వాధికారపు పేరుతో సేవను నడపడం సులభమైన దారి. ఆ దారి ఎంత ప్రమాదకరమో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలును.

2017 మే 12న ‘వానాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా విజృంభించినది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లను అది తాళం వేసి, విడుదలకు సొమ్ము కోరినది. మన రాష్ట్రంలో కృష్ణా, గుంటూరు జిల్లాలతో సహా పలుచోట్ల పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని పాలబడినవి. అది ప్రవేశించినది ఏ ద్వారం నుండి? విండోసులో ఫైళ్లను నెట్‌వర్కులో పంచిపెట్టే సేవ ద్వారా. ఆ సేవ ఎవరూ లాగిన్ కాకముందే మేల్కొని, నెట్‌వర్కు వైపు చెవి యొగ్గి ఉంటుంది. అందులోని లోపం ద్వారా పురుగు దూరినది. ఎవరూ ఏ ఫైలునూ తెరవనక్కరలేదు. లోనికి చేరిన పిమ్మట అది తానే ఒక రక్షణ సేవనని దొంగపేరు పెట్టుకొని సర్వీసుల పట్టికలో నమోదు అయినది. ఆ లోపాన్ని సవరించే ప్రతిని మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14నే విడుదల చేసియున్నది. దానిని వేసుకొన్న యంత్రాలకు ఆ దారి మూసుకొనిపోయినది.

రెండవది 2024 జులై 19నాటిది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక దోషపూరితమైన ఫైలు వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలినవి. ఆ రక్షణ ప్రోగ్రాము లాగిన్ తెర కన్న ముందే, మూలభాగంతో పాటు మేల్కొనేది. కనుక యంత్రం లాగిన్ వరకు రాకుండానే పడిపోయి, మరల లేచి మరల పడిపోయేది. అనేక యంత్రాలను మనుషులు ఒక్కొక్కటిగా చేతితో బాగుచేయవలసి వచ్చినది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చినారు. అందరికన్న ముందు లేచేవాడు తప్పటడుగు వేస్తే, తరువాత లేవవలసిన వారెవ్వరూ లేవలేరు.

అందుచేత ప్రతి సేవకు దాని పనికి సరిపడే పరిమిత అధికారంతో ఒక ప్రత్యేకమైన పేరును సృష్టించవలెను. నకలు తీసే ప్రోగ్రాముకు ఒక ఫోల్డరును చదివే అధికారం, మరొక ఫోల్డరులో వ్రాసే అధికారం చాలును. అవసరం లేని సేవలను ఆపివేయవలెను. సవరణలను ఆలస్యం చేయక వేసుకొనవలెను.

పరీక్ష

చివరగా ఒక మాట. మంచి సేవ తాను చేసిన పనిని దినచర్యగా వ్రాసుకొంటుంది. విండోసులో ‘ఈవెంట్ వ్యూయర్’, లినక్సులో ‘జర్నల్’ ఆ దినచర్య పుస్తకాలు. అవి ఉన్నవని తెలిస్తే చాలదు, చదివే మనిషి ఉండవలెను. ఆ శుక్రవారానికి ముందు ఒక్కసారి నకలు తేదీని చూచినా నేను మేల్కొనియుందును.

నాడు నష్టం జరిగిన తరువాత ఆ ప్రోగ్రామును పరిమిత అధికారం గల ప్రత్యేకమైన పేరు మీద, ఎవరూ లాగిన్ కాకున్నా నడిచేటట్లు మార్చినాను. అటుపిమ్మట ఒక పరీక్ష చేసినాను. యంత్రపు తీగను ఊడదీసి మరల పెట్టినాను. లాగిన్ తెర వచ్చినది. కీబోర్డును తాకలేదు. నకలు వేళ దాటిన పిమ్మట మరొక గదిలోని కంప్యూటరు నుండి చూస్తే, ఆనాటి తేదీతో కొత్త నకలు కనబడినది. అప్పుడు గాని నాకు నమ్మకం కలుగలేదు.

మన కళాశాల గ్రంథాలయపు పట్టికకు, కార్యాలయపు లెక్కలకు, ప్రయోగశాలకు కంప్యూటర్లు ఏర్పాటు చేసేటప్పుడు కమిటీ పెద్దలు రెండు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. ఈ పని ఎవరూ రాకున్నా జరుగునా? ఈ పని చేసే ప్రోగ్రాముకు అవసరానికి మించిన అధికారం ఉన్నదా? మొదటి ప్రశ్నకు అవుననీ, రెండవ ప్రశ్నకు లేదనీ సమాధానం వచ్చినప్పుడే ఆ ఏర్పాటును అంగీకరింపవలెను. విద్యార్థి మిత్రులు ఈ పరీక్షను తమ తమ యంత్రాల మీద చేసి చూడగోరుతున్నాను. రేపు వారిలో కొందరు ఇట్టి కార్యాలయాలలోనే ఉద్యోగాలు చేస్తారు. తొలి బస్సుకు వచ్చిన విద్యార్థినిని ఇచ్చిన కాగితాన్నే మరల ఇమ్మని అడుగవలసిన అవస్థ వారికి రాకూడదు.